డిశ్చార్జ్ తర్వాత మాజీ సైనికుడిని ఎవరు చూస్తారు?

సంపాదకులు గారికి,

మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం మాట వస్తే చర్చంతా ఆసుపత్రిలో పడకల దగ్గరే ఆగిపోతోంది. అసలు కష్టం డిశ్చార్జ్ అయ్యాకే మొదలవుతుంది. మానసిక వైద్యశాల నుంచి ఇంటికొచ్చిన తొలి వారంలో, ఆ తర్వాత మూడు నెలల దాకా ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. సరిగ్గా అప్పుడే మందుల చీటీ, ఎప్పుడో నెల తర్వాతి అపాయింట్‌మెంట్ చేతిలో పెట్టి పంపేస్తారు.

పైగా "నాకేం కాలేదు" అనడం సైన్యంలో అబ్బే అలవాటు. చాలామంది తమంతట తాము ఫోన్ చేసి సాయం అడగరు. కాబట్టి ఫోన్ ఆసుపత్రి నుంచే రావాలి. ఇంగ్లండ్‌లో వైద్య సేవలకు ప్రమాణాలు సూచించే నైస్ (NICE) సంస్థ మార్గదర్శకాల ప్రకారం డిశ్చార్జ్ అయినవారిని 7 రోజుల్లోగా, ఆత్మహత్య ముప్పు ఉందనిపిస్తే 48 గంటల్లోగా పలకరించాలి. అమెరికాలో 2023 జనవరి నుంచి ఆత్మహత్య ఆలోచనలతో అత్యవసర స్థితిలో ఉన్న మాజీ సైనికులకు 30 రోజుల దాకా ఆసుపత్రిలో, 90 రోజుల దాకా ఆసుపత్రిలో చేరకుండానే ఉచిత చికిత్స ఇస్తున్నారు. కాగితం మీద బాగానే ఉంది, అమలు వేరే సంగతి.

ఇంట్లోవాళ్ల టెన్షన్ ఎవరికీ పట్టదు. బైపోలార్ వంటి మానసిక జబ్బులకిచ్చే లిథియం మందు వాడేవారికి రక్తపరీక్షలు తప్పవు, అవి ఎప్పుడు చేయించాలో చెప్పేవారుండరు. ఇంట్లో తుపాకీ ఉంటే ఏం చేయాలో అడిగేవారూ ఉండరు.

మళ్లీ ఎవరు, ఏ తేదీన చూస్తారో, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో రాయకుండా డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టకూడదన్న నిబంధన తేవాలి.

– ఒక పాఠకురాలు