నీడ గడియారం పక్కన సవరణ పట్టిక ఉండాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

అన్నవరం కొండ మీది నీడ గడియారం ముందు నిలబడిన యాత్రికులు తమ చేతి గడియారం చూసుకుని, పావుగంట తేడా కనిపించగానే అది చెడిపోయిందని తేల్చేయడం వింటూ ఉంటాను. భారత ప్రామాణిక కాలరేఖ మన పక్కనుంచే పోతుంది కనుక ఇక్కడ రెండు కాలాలూ కలిసి తీరాలన్నది వారి వాదన. రేఖ దగ్గర ఉన్న మాట నిజమే, వాదన మాత్రం నిలవదు.

మన గడియారాలన్నిటికీ ఆధారమైన ఆ ప్రామాణిక రేఖ, అంటే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం, అన్నవరానికీ తునికీ మధ్యగా వెళుతుంది. ఆ రేఖకు పడమరగా ఒక్కో డిగ్రీ జరిగినకొద్దీ సూర్యుడు నడినెత్తికి రావడం 4 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ లెక్కన అమలాపురంలో 2 నిమిషాలు, రాజమహేంద్రవరంలో దాదాపు 3, భీమవరంలో సుమారు 4 నిమిషాలు నీడ చూపే కాలానికి కలుపుకోవాలి. పంచాంగకర్తలు దేశాంతర సంస్కారం అనేది దీన్నే. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పున ఉండడం వల్ల నీడ అంచు ఎలాగూ రెండు నిమిషాల మేర మసకగానే పడుతుంది కనుక, అమలాపురం వంటి చోట ఈ సవరణ ఆ మసకలోనే కలిసిపోతుంది.

పావుగంట తేడాకు కారణం వేరు. భూమి సూర్యుని చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతూ జనవరి మొదట్లో వేగంగా, జులై మొదట్లో నెమ్మదిగా కదులుతుంది. దానికి తోడు భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండింటి మూలంగా ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి పట్టే కాలం ఏడాది పొడవునా సరిగ్గా 24 గంటలు ఉండదు, ఆ కొద్దిపాటి సెకన్లే రోజురోజుకూ పోగుపడతాయి. మన సిద్ధాంత జ్యోతిషం మొదటి కారణానికి భుజాంతరమని, రెండవదానికి ఉదయాంతరమని వేర్వేరు సంస్కారాలు చెప్పింది. నేటి పాఠ్యపుస్తకాలు రెంటినీ కలిపి కాల సమీకరణం అంటున్నాయి. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 తేదీల ప్రాంతంలో ఈ తేడా సున్న అవుతుంది. ఫిబ్రవరి 11 ప్రాంతంలో నీడ 14 నిమిషాలకు పైగా వెనుకబడుతుంది, నవంబరు 3 ప్రాంతంలో 16 నిమిషాలకు పైగా ముందుంటుంది.

అమలాపురంలో నీడ గడియారం సరిగ్గా 12 చూపినప్పుడు చేతి గడియారంలో ఎంత ఉండాలో చూద్దాం. నవంబరు 3న 12 గంటలకు 2 నిమిషాలు కలిపి 16 తీసివేస్తే 11 గంటల 46 నిమిషాలు. ఫిబ్రవరి 11న అదే 12 గంటలకు 2 నిమిషాలు, మరో 14 నిమిషాలు కలపాలి కనుక 12 గంటల 16 నిమిషాలు. మిట్టమధ్యాహ్నమే అరగంట మేర అటూ ఇటూ జరుగుతుండగా, మిట్టమధ్యాహ్నం నడుమ వచ్చేలా లెక్కించే అభిజిత్ ముహూర్తాన్ని ఏడాది పొడవునా గడియారపు 12 గంటలకు అటు 24, ఇటు 24 నిమిషాలుగా లెక్కించడం సరికాదని ఈ సందర్భంలో మనవి చేయక తప్పదు. డిసెంబరు 22 తరువాత పగలు పెరుగుతున్నా సంక్రాంతి దాటేదాకా సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతూనే ఉండడానికి కూడా ప్రధాన కారణం ఈ కాల సమీకరణమే.

కనుక డెల్టాలోని పాఠశాలలు నీడ గడియారం కట్టించేటప్పుడు, శంకువును, అంటే నీడ పడే కడ్డీని, ఆ ఊరి అక్షాంశానికి సరిపడా, అంటే అమలాపురంలో దాదాపు పదహారున్నర డిగ్రీల వాలులో ధ్రువనక్షత్రం వైపు నిలపడంతో సరిపెట్టకుండా, ఆ ఊరి దేశాంతరాన్ని ముందే కలిపిన సవరణ పట్టికను పక్కనే రాతి మీద చెక్కించాలని కోరుతున్నాను. చాలా నెలలకు పది రోజులకొక అంకె చాలు. డిసెంబరు రెండో సగంలో మాత్రం పది రోజులకే దాదాపు 5 నిమిషాలు మారిపోతుంది కనుక, అప్పుడు మూడు రోజులకొక అంకె ఇవ్వడం మంచిది.

భవదీయుడు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
అమలాపురం