పోయిన సీజన్‌లో నేను అమ్మిన తప్పు మందు

అందరికీ నమస్కారం.

ఇది సేల్ కబురు కాదు. పోయిన నవంబరులో నా కౌంటర్ దగ్గర తుపాకి మందు అమ్మడంలో నా వల్లే ఒక పొరపాటు జరిగింది. దాని తర్వాత షాపులో కొన్ని పద్ధతులు మార్చాను. మిగతా కస్టమర్లకి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి పంపాను గానీ, మనవాళ్లకి తెలుగులో విడమరిచి చెప్పాలనిపించింది. ఎందుకంటే ఆ రోజు నా దగ్గర కొన్నది మనాయనే, బేరం నడిచింది తెలుగులోనే.

కాన్సాస్ సిటీకి కొత్తగా వచ్చి ఈ లిస్టులో చేరినవాళ్ల కోసం రెండు మాటలు. మాది మిస్సోరి వైపు ఉన్న చిన్న తుపాకుల షాపు. ఆఫీసు స్నేహితులతో జింకల వేటకి వెళ్లి, అక్కడ మజిల్ లోడర్ రుచి మరిగి నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు ఏడాదికేడాది పెరుగుతున్నారు. మజిల్ లోడర్‌కి తూటా ఉండదు. మూతి నుంచి మందు పోయాలి, పైన గుండు పెట్టాలి, రామ్‌రాడ్‌తో కిందదాకా దట్టించాలి. మా ఊళ్లో తాతకి అడవిపందుల నుంచి పంట కాపాడుకోడానికి లైసెన్సు ఉన్న నాటు తుపాకి ఉండేది, రామ్‌రాడ్‌ని ఆయన గజం అనేవాడు. పని అదే, కాకపోతే ఇక్కడివాటికి స్కోపులు ఉంటాయి.

ఇక జరిగింది. జింకల సీజన్ మొదలవడానికి ముందు వారం, శనివారం. షాపు కిటకిటలాడుతోంది. రిటైరైన కొలీగ్ దగ్గర పాత నైట్ ఎంకే-85 మజిల్ లోడర్ కొనుక్కున్న ఒక పెద్దాయన వచ్చి, "తమ్ముడూ, పైరోడెక్స్ ఒక సీసా ఇవ్వు, అబ్బాయి బయట కార్లో ఉన్నాడు" అన్నారు. అరలో ఆ రకం మందు అయిపోయింది. "పోనీ ఏదో ఒకటి ఇవ్వవయ్యా." నేను బ్లాక్‌హార్న్ 209 అనే ఇంకో మందు తీసి చేతిలో పెట్టి, "ఇది ఇంకా మంచిదండీ, తుపాకి అంతగా తుప్పు పట్టదు" అన్నాను. ఖరీదు కూడా ఎక్కువే. ఆయన తుపాకిలో మందుని అంటించే క్యాప్ ఎంతదో అడగలేదు. అడగాలని తట్టలేదు కూడా.

మర్నాడు రేంజ్‌లో ఆయన ట్రిగ్గర్ నొక్కితే క్యాప్ 'టప్' అంది, తుపాకి పేలలేదు. ఒక క్షణం చూసి, ఏమైందని కొడుకుని అడగడానికి భుజం మీంచి దించబోయారు. అప్పుడు పేలింది. మూతి ఇంకా ముందుకే ఉంది కాబట్టి గుండు బల్లకి నాలుగు గజాల అవతల మట్టిలోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. సోమవారం షాపు తెరవకముందే వచ్చి బయట నించున్నారు. అరవలేదు. సీసా కౌంటర్ మీద పెట్టి, "నువ్విచ్చిందే కదా తమ్ముడూ" అన్నారంతే.

సీసా మీద పేరులోనే 209 ఉంది. షాట్‌గన్ తూటా అడుగున ఉండి మందుని అంటించే ప్రైమర్ నంబరు అది. ఆయన ఎంకే-85 పేలేది 11 నంబరు పెర్కషన్ క్యాప్‌తో, వేలి కొన మీద నిలబెట్టుకునేంత చిన్న రాగి టోపీ. రెండింటి మంటకీ ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిని, నాకు తెలియక కాదు. శనివారం హడావిడి అని సర్దిచెప్పుకోడానికి కూడా మనసొప్పడం లేదు.

ఎందుకు పేలలేదో చెప్తాను, ఎందుకంటే చాలామంది "మందు మందే కదా" అంటారు. (బ్లాక్ పౌడర్‌ని నల్లమందు అందామంటే మనకి దాని అర్థం వేరు. అందుకే ఇంగ్లీషు పేరే వాడుతున్నాను.) అసలైన బ్లాక్ పౌడర్ అంటే సూరేకారం, బొగ్గు, గంధకం. అది కర్పూరం లాంటిది, నిప్పురవ్వ చాలు. హాడ్జ్‌డన్ కంపెనీ వాళ్ల పైరోడెక్స్ 1976లో వచ్చింది. దానికి కాస్త ఎక్కువ వేడి కావాలి, ఎండుపుల్లల్లా. అందుకే చెకుముకిరాయి తుపాకుల్లో అది మొరాయిస్తుంది గానీ, మంచి 11 నంబరు క్యాప్‌కి పలుకుతుంది. 2008లో వచ్చిన బ్లాక్‌హార్న్ 209 జాతే వేరు. అందులో ముఖ్యమైన సరుకు నైట్రోసెల్యులోజ్. పొయ్యిలో బొగ్గులు పేర్చి ఒక్క అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుంది? ఒక్కోసారి అసలు అంటుకోదు. ఒక్కోసారి మూల ఎక్కడో రాజుకుని, మీరు అటు తిరిగాక భగ్గుమంటుంది. దీపావళికి తుస్సుమన్న టపాకాయ దగ్గరికి వెళ్లొద్దని అమ్మలు కేకలేసేది దీనికే. మస్కెట్ క్యాప్ 11 నంబరు కన్నా వేడైనదే, అయినా బ్లాక్‌హార్న్‌కి అదీ చాలదు. గట్టి 209 ప్రైమరూ, ఆ మంట నేరుగా మందుకి చేరే దారి ఉన్న బ్రీచ్ ప్లగ్గూ (బారెల్ వెనక చివర మూసే మర), రెండూ ఉంటేనే అది వాడాలి.

క్యాప్ పేలి తుపాకి పేలకపోతే మూతి అటే ఉంచి, భుజం మీంచి దించకుండా కనీసం ఒక నిమిషం ఆగండి. ఇంకొంచెం ఆగితే ఇంకా మంచిది. ఎంకే-85 ఉన్నవాళ్లకి ఇంకో సంగతి: దాని బోల్టు వెనక తిప్పే రెండో సేఫ్టీ ఉంటుంది. అది వేసి ఉంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడు హ్యామర్ 'టక్' మని పడుతుంది గానీ క్యాప్‌ని తాకదు. మందు పాడైందనుకుని విప్పడం మొదలెట్టకండి, అప్పుడు కూడా తుపాకిలో పూర్తి లోడు ఉన్నట్టే.

పాత ఇన్‌లైన్ తుపాకుల మీద నాకు చిన్నచూపు లేదు. టోనీ నైట్ మిస్సోరి మనిషి. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకి వెళ్లే ఇక్కడి వేటగాళ్ల కోసమే ఆయన ఈ దారి పట్టాడు, 1985లో ఎంకే-85 తెచ్చాడు. నిప్పు పక్క నుంచి కాకుండా బారెల్ వెనక నుంచి తిన్నగా మందులోకి వెళ్లేట్టు చేసి, ఇన్‌లైన్ అనే ఆ ఏర్పాటుని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చినవాడు ఆయనే. కొలరాడో మజిల్ లోడర్ సీజన్‌లో ఈ రోజుకీ బిళ్లల మందు పనికిరాదు, గుండుకి సాబో తొడుగు ఉండకూడదు. విడి పైరోడెక్స్ ఆర్‌ఎస్, సీసపు కోనికల్ గుండు పెట్టుకున్న పాత ఎంకే-85 అక్కడికి అచ్చు సరిపోతుంది. కొత్తది కొనమని నేను ఒత్తిడి చేయకపోవడానికి అదీ ఒక కారణం.

పాతదానికి చెడ్డపేరు తెచ్చేది కొలత. ఇక్కడ మనవాళ్లు పడే పొరపాటు మనకే ప్రత్యేకం. గ్రెయిన్ అంటే గ్రాము కాదు. వంద గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములు. "వంద గ్రాములు పొయ్యాలా అన్నా?" అని ఒకబ్బాయి ఫోన్లో అడిగాడు, నవ్వలేకపోయాను. రెండోది, ఈ మందుల్లో 'వంద' అన్నది బరువు కాదు, కొలపాత్రలో పట్టే పరిమాణం, సోలతో బియ్యం కొలిచినట్టు. పైరోడెక్స్, బ్లాక్‌హార్న్ రెండూ బ్లాక్ పౌడర్ కన్నా తేలిక. కొలపాత్రలో వంద చూపించే బ్లాక్‌హార్న్ తక్కెడ మీద డెబ్బై గ్రెయిన్లే తూగుతుంది. మీరు తెలివిగా డిజిటల్ తక్కెడ కొని వంద గ్రెయిన్లు తూచి పోశారనుకోండి, తుపాకిలోకి వెళ్లింది కొలపాత్ర లెక్కలో దాదాపు 143. బ్లాక్‌హార్న్‌కి తయారీదారు పెట్టిన హద్దే 120. మీ తుపాకి హద్దు అంతకన్నా తక్కువైతే దానికే లోబడాలి. ట్రిపుల్ సెవెన్ అనే మరో మందుది ఇంకో తంటా: అదే కొలతకి బ్లాక్ పౌడర్ కన్నా సుమారు 15 శాతం ఎక్కువ బలం. వందకి అలవాటుపడిన తుపాకికి 85 దగ్గర ఆగాలి.

మూడు బిళ్లలు, 150 గ్రెయిన్లు, 'మాగ్నం' అంటూ వీడియోల్లో చూసేదంతా తర్వాత తరం తుపాకుల సంగతి. మీ బారెల్ మీద ఏముందో, మాన్యువల్లో ఏముందో అదే మీకు హద్దు. మాన్యువల్ పోతే మోడల్ పేరు చెప్పండి, వెతికిపెడతాను. పైరోడెక్స్ బిళ్ల వాడేవాళ్లు నల్లగా ఉన్న చివర క్యాప్ వైపు ఉందో లేదో చూసుకోండి, తలకిందులైతే అంటుకోడానికి ఏడిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మామూలు రైఫిల్ తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు. దానికోసమే కట్టిన తుపాకులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, మీ చేతిలో ఉన్న పాతది వాటిల్లో లేదు. బారెల్ చీలుతుంది. మొన్న ఒకాయన ఖాళీ ఆవకాయ సీసాలో నల్లటి పొడి తెచ్చి ఇదేం మందో చెప్పమన్నారు. చూసి చెప్పగలిగే మనిషి భూమ్మీద లేడు. దాన్ని తిరిగి ఆయన చేతికివ్వలేదు. ఆయన కొంచెం అలిగారు, ఫరవాలేదు.

గరాజ్ సేల్‌లో కొన్నవాటి గురించీ చెప్పాలి. జనవరిలో ఒక పాత ఇన్‌లైన్ వచ్చింది, "ఖాళీయేనండీ, అమ్మినాయన చెప్పాడు" అన్నారు. బారెల్ పక్కన రామ్‌రాడ్ ఆనించి, బ్రీచ్ ప్లగ్ ముఖం దాకా ఎంత లోతుందో చూసుకుని, లోపలికి దింపాను. మూడు అంగుళాలు బయటే నిలబడిపోయింది. లోపల ఎన్నేళ్లదో తెలియని మందూ గుండూ. నిపుల్ మీద క్యాప్ లేదు కాబట్టి బతికిపోయాం, సీఓటూ గ్యాస్ పంపుతో బయటికి నెట్టేశాను. మీ రామ్‌రాడ్ మీద రెండు గీతలు పెట్టుకోండి: ఖాళీగా ఉంటే ఇక్కడిదాకా, మీరు రోజూ వేసే లోడు ఉంటే ఇక్కడిదాకా. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఆగినా ఆ గీతే చెప్తుంది. ట్రిపుల్ సెవెన్‌కి 209 వాడేవాళ్లకి మందు ఉన్న చోటికి కాస్త పైన గట్టి పొక్కు కడుతుంది, రెండో గుండు దాని దగ్గరే ఆగిపోతుంది. గుండుకీ గుండుకీ మధ్య తడిగుడ్డతో ఒకసారి తుడవండి.

ఇంకొకటి. సీవీఏ కంపెనీ 1995, 96లో తయారుచేసిన కొన్ని ఇన్‌లైన్ తుపాకుల్ని బారెల్ సమస్యతో 1997లో వెనక్కి పిలిచారు. సీరియల్ నంబరు చివర 95 గానీ 96 గానీ ఉంటే కాల్చకండి, ముందు నాకు నంబరు పంపండి. అవి ఇప్పటికీ సంతల్లో తిరుగుతూనే ఉన్నాయి.

కడగడం గురించి తొందరగా చెప్పేస్తాను. పైరోడెక్స్ వాడితే అదే రోజు సబ్బు వేసిన వేడినీళ్లతో కడగాలి. ట్రిపుల్ సెవెన్‌కీ నీళ్లే చాలు. బ్లాక్‌హార్న్‌కి నీళ్లు పనిచేయవు, సాల్వెంట్ కావాలి. తుప్పు పట్టదన్నారని వారాల తరబడి వదిలేయకండి. నేను అన్న ఆ మాట కూడా సగమే నిజం.

వీసా మీద ఉన్నవాళ్లు అడుగుతుంటారు. ఫెడరల్ చట్టం కింద చాలా మజిల్ లోడర్లు 'యాంటిక్' లెక్కలోకి వస్తాయి. బారెల్ మార్చితే తూటాల తుపాకి అయిపోయే మోడళ్లు రావు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. నా మాట నమ్మి కొనకండి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇక షాపులో మారినవి. బ్లాక్‌హార్న్ ఇకనుంచి తుపాకి గానీ, బ్రీచ్ ప్లగ్ ఫొటో గానీ చూడందే అమ్మను, మీరు ఎంత తొందరలో ఉన్నా సరే. పోయిన సెప్టెంబరు నుంచి నా దగ్గర కొన్నవాళ్లందరికీ పాత బిల్లులు తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. మీది క్యాప్ తుపాకి అయితే సీలు తీయని సీసా వెనక్కి తెచ్చి మార్చుకోవచ్చు. సీలు తీసిందైతే మళ్లీ అమ్మలేను, కానీ మీ డబ్బు మీకు ఇచ్చేస్తాను. పాత తుపాకిని 209కి మార్చే కిట్లు అడిగితే ఆ మోడల్‌కి దాన్ని చేసిన కంపెనీ ఒప్పుకుందా అని చూసే వేస్తాను, కుదరదంటే కుదరదు.

శనివారాలు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా వెనక బల్ల దగ్గర ఉంటాను. నిపుల్, బ్రీచ్ ప్లగ్, బారెల్ లోపల గుంటలు, అన్నీ ఉచితంగా చూస్తాను. తుపాకి ఖాళీగా, కేసులో తెండి. మందు కార్లోనే ఉంచండి.

పెద్దాయన పోయిన నెల పైరోడెక్స్ కోసం వచ్చారు. సీసా ఇచ్చే ముందు క్యాప్ నంబరు అడిగాను. "పదకొండు" అని, కొడుకు వైపు చూసి నవ్వారు.