తొర్ర చెట్టును నిలవనివ్వండి

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఏటా తొలకరి గాలివానలకు ముందు కాలువ గట్ల మీదా, రోడ్ల పక్కనా, కొండవాలుల్లోనూ మోడువారిన చెట్లనూ, తొర్రలు పడిన ముసలి నిద్రగన్నేరు, మర్రి, రావి చెట్లనూ ప్రమాదకరమని నరికివేస్తుంటారు. విద్యుత్ తీగల మీదికి ఒరిగిన కొమ్మనో, బడి ప్రహరీ మీద పడబోయే చెట్టునో తీసివేయడంలో తప్పు లేదు. మనుషుల ప్రాణాలే ముందు. కానీ కొండపల్లి అడవి లోపలా, మంగళగిరి కొండ దిగువనా, ఎవరి నెత్తినా పడే అవకాశం లేని ఎండుమాను కూడా వంటచెరకు కిందో, శుభ్రపరచడం పేరుతోనో పోవడాన్ని నేను ఒప్పుకోలేను. ఆ చెట్లలో పగటిపూట తలదాచుకునే, పురుగులను తిని బతికే గబ్బిలాల కోసం ఈ లేఖ రాస్తున్నాను.

గబ్బిలం అనగానే మనకు గుర్తొచ్చేది పెద్ద చెట్టుకు పగలంతా గుంపులుగా వేలాడే పండ్ల గబ్బిలం. మన దేశంలోని సుమారు 130 జాతుల్లో పండ్లు, మకరందం మీద బతికేవి చాలా తక్కువ. మిగిలినవి దాదాపు అన్నీ పురుగులను వేటాడేవే. వాటిలో కొన్ని పిపిస్ట్రెల్ గబ్బిలాలు నాలుగైదు గ్రాములకు మించి తూగవు. ఇంత చిన్న జీవి చీకట్లో తిరిగి చీకటి చోటులోనే పడుకుంటుంది కాబట్టి, దాని నివాసం పోయిన సంగతి కూడా ఎవరి దృష్టికీ రాదు.

అడవి గబ్బిలానికి రాత్రి వేట ఎంత ముఖ్యమో పగటి విడిది అంతకన్నా ముఖ్యం. పిల్లను కనడం, పాలివ్వడం, ఎండవేడిమినీ పాములనూ తప్పించుకోవడం అన్నీ అక్కడే జరుగుతాయి. కొన్ని జాతులు వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన రంధ్రంలోకి దూరుతాయి. కొన్ని ఎండుమాను నుంచి ఊడివస్తున్న బెరడు వెనుక నక్కుతాయి. కొన్ని తాటిచెట్టు మీద కొట్టకుండా వదిలేసిన ఎండు మట్టల మధ్య ఉంటాయి. వెదురు గబ్బిలం పుర్రె ఎంత బల్లపరుపుగా ఉంటుందంటే, పెంకుపురుగు వల్ల బొంగుకు పడిన సన్నటి చీలిక గుండా లోపలికి జారిపోగలదు. నారింజ, నలుపు రంగుల రెక్కలున్న కెరివౌలా పిక్టా అనే చిన్న గబ్బిలం ఎండి వేలాడే అరటాకు మడతల్లో పడుకుంటుంది. దాని రంగు ఎండుటాకులో కలిసిపోతుంది. ఇవన్నీ తలకిందులుగా వేలాడేది కూడా కండల బలంతో కాదు. ఒంటి బరువుకే కాలి స్నాయువులు బిగుసుకుని వేళ్లు వాటంతటవే పట్టు వేసుకుంటాయి. నిద్రలోనే చనిపోయిన గబ్బిలం కూడా అలాగే వేలాడుతూ ఉండిపోవచ్చు.

చెట్లను నరికించే అధికారులు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. తొర్రల్లో ఉండే గబ్బిలాలు ఏడాది పొడవునా ఒకే చెట్టును అంటిపెట్టుకుని ఉండవు. చాలా జాతులు కొద్ది రోజులకోసారి విడిది మారుస్తాయి; ఒకే గుంపు ఈ రోజు రెండు మూడు చెట్లలోకి విడిపోయి, మరికొన్ని రోజులకు ఒకచోట చేరుతుంది. పరాన్నజీవులు పెరగకుండా, వేటాడే జంతువులకు జాడ తెలియకుండా, వేడీ తేమా సరిపోయే చోటు కోసం ఇలా చేస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. కాబట్టి పగలు తొంగిచూసి ఖాళీగా ఉందని రాసుకున్న తొర్రలోకి వచ్చే వారం పిల్లతల్లులు చేరవచ్చు. పది తొర్ర చెట్లలో తొమ్మిదింటిని కొట్టి, గబ్బిలాల కోసం ఒకటి మిగిల్చామనుకోవడం కూడా సరికాదు. ఒక గుంపుకు కావలసింది దగ్గర దగ్గరగా ఉన్న అనేక చెట్లు.

వీటి సంతానోత్పత్తి చాలా నెమ్మది. చాలా జాతులు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి, కొన్ని మాత్రం కవలలను కంటాయి. మన వైపు అనేక జాతుల్లో పిల్లలు పుట్టేది వేసవిలోనూ, పురుగులు విరివిగా దొరికే తొలకరి సమయంలోనూ. మనం చెట్లు నరికేదీ అప్పుడే.

ఇది అడవికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. థాయ్‌లాండ్‌లో గుహల నుంచి సాయంత్రం లక్షల సంఖ్యలో బయటికి వచ్చే ఒక గబ్బిలం ఆహారంలో వరిని పీల్చే తెల్లవీపు దోమ పెద్ద భాగమని పరిశోధనల్లో తేలింది. సుడిదోమతో సతమతమయ్యే కృష్ణా డెల్టా రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అమెరికాలో 2006లో బయటపడిన వైట్ నోస్ అనే శిలీంధ్ర వ్యాధితో గబ్బిలాలు పెద్ద ఎత్తున చనిపోయిన కౌంటీలలో రైతులు పురుగుమందుల వాడకాన్ని సగటున 31 శాతం పెంచారని 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది. పత్తి, మిరప పొలాల్లో మందులకే పెట్టుబడిలో పెద్ద భాగం పోస్తున్న గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో ఏ గబ్బిలం ఏ పురుగును ఎంత తింటున్నదో పరిశీలించే పని లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం చేపడితే అది రైతుకు నేరుగా ఉపయోగపడుతుంది.

గుహల్లో ఉండే జాతులది మరో కష్టం. కర్ణాటకలోని కోలార్ జిల్లా హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక్క గుహలో మిగిలిన కోలార్ ఆకుముక్కు గబ్బిలాలు రెండు వందలు కూడా లేవు. ఆ గుట్టల్లో రాయి కొట్టడమే వాటికి పెద్ద ముప్పయింది. రాజధాని నిర్మాణానికి కంకర అవసరం పెరుగుతున్న ఈ రోజుల్లో మన కొండల్లో క్వారీలకు అనుమతి ఇచ్చే ముందు అక్కడి గుహలనూ బండ చీలికలనూ గబ్బిలాల కోసం పరిశీలించాలని కోరడం అత్యాశ కాదు.

రోగాల భయం గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. కేరళలో 2018 నుంచి బయటపడుతున్న నిపా వైరస్‌కు సహజ ఆశ్రయం పండ్ల గబ్బిలాలు. పురుగులు తినే జాతుల్లోనూ వైరస్‌లు ఉంటాయి కాబట్టి ఏ గబ్బిలాన్నీ ఉత్త చేతులతో తాకకూడదు, అది కిందపడి ఉంటే పిల్లలను దగ్గరికి పోనివ్వకూడదు. అయితే వాటిని పొగబెట్టి తరిమితే అవి చెల్లాచెదురై మరిన్ని చోట్లకు చేరతాయి తప్ప ప్రమాదం తగ్గదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలు, కాకులతో పాటు అయిదో షెడ్యూలులో హానికర జంతువులుగా చేర్చింది. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. మన అలవాట్లు కూడా ఆ మేరకు మారాలి.

అటవీ శాఖకూ, నగరపాలక సంస్థలకూ నా విన్నపాలు ఇవి. మనుషులు తిరగని చోట ఎండుమానును నిలవనివ్వండి. తప్పనిసరిగా తీయవలసిన తొర్ర చెట్టు ఉంటే, పిల్లలు ఎగరగలిగే దాకా ఆగి, వరుసగా కొన్ని సాయంత్రాలు చీకటిపడే వేళ గమనించిన తరువాతే నరకండి. మొత్తం చెట్టును తీయనక్కరలేకపోతే కొమ్మలు తగ్గించి మానును ఉంచండి. ఒక చెట్టు కొట్టి పది మొక్కలు నాటామన్న లెక్క ఇక్కడ సరిపోదు. ఈ వానాకాలం నాటిన మొక్క మానై, కొమ్మ విరిగి, పుచ్చి, తొర్ర పడటానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. అందుకే వనమహోత్సవంలో నాటిన మొక్కల సంఖ్యతో పాటు నిలిపి ఉంచిన తొర్ర చెట్ల సంఖ్యను కూడా ఏటా ప్రకటించాలని కోరుతున్నాను.

– విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ