‘డైరెక్ట్’ చేసింది మేమే

బాలానగర్‌లోని మా షాపుతో డక్ట్ హీటర్ (ఏసీ గాలి గొట్టంలో పెట్టే హీటర్) సర్వీసు చేయించుకుంటున్న వారందరికీ ఒక మాట చెప్పాలి. గత నెల జీడిమెట్లలో మాత్రలు తయారుచేసే ఒక యూనిట్‌లో హీటర్ సేఫ్టీ స్విచ్‌ని వైరుతో దాటించి మేం తప్పు చేశాం. తీసుకున్న డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చేశాం. అదే పని మీ ప్యానెల్‌లోనూ చేసి ఉంటామేమోనని ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో హీటర్ ఏంటని మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. వానాకాలంలో గాలిలో తేమ తీయాలంటే కూలింగ్ కాయిల్ మీద దాన్ని బాగా చల్లార్చాలి. ఆ గాలిని అలాగే గదిలోకి వదల్లేం, మళ్లీ కాస్త వేడి చేయాలి. జీడిమెట్ల యూనిట్‌లో ఆ హీటరే ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి తనే వస్తోంది. కంట్రోలర్ సిగ్నల్ ఇస్తోంది, హీటర్‌కి కరెంటు కలిపే కాంటాక్టర్ పట్టడం లేదు. మా టెక్నీషియన్ ముందు కాంటాక్టర్ మార్చాడు. తర్వాత కంట్రోలర్ కూడా మార్చాడు. రెండూ బాగానే ఉన్నవే. అసలు దోషం, డక్ట్‌లో గాలి కదులుతుంటేనే హీటర్‌ని ఆన్ కానిచ్చే ఎయిర్ ప్రెషర్ స్విచ్‌కి వెళ్లే ప్లాస్టిక్ ట్యూబులో ఉంది. డక్ట్ దగ్గర పగిలింది.

ఆ పగులు అప్పుడు మాకు దొరకలేదు. ప్రొడక్షన్ ఆగిందని అటు టెన్షన్. మావాడు ఆ స్విచ్‌కి ఒక వైరు ముక్క వేసి ‘డైరెక్ట్’ చేశాడు, అంటే గాలి లేకపోయినా ఉన్నట్టే లెక్క. ఫోన్‌లో సరే అన్నది నేనే. ఫ్యాన్ కాంటాక్టర్‌తో ఇంటర్‌లాక్ ఉంది కదా, ఫ్యాన్ ఆన్‌లో లేకపోతే హీటర్ రాదులే అనుకున్నాను.

మూడో రోజు ఫ్యాన్ బెల్టు తెగింది. మోటారు తిరుగుతూనే ఉంది కాబట్టి ఇంటర్‌లాక్‌కి అంతా బాగానే కనిపించింది. డక్ట్‌లో మాత్రం గాలి లేదు. హీటర్ ఆన్‌లోనే ఉంది. చేత్తో రీసెట్ చేసే ఓవర్‌హీట్ కటౌట్ ట్రిప్ అయింది కాబట్టి సరిపోయింది.

ఇకపై ఎంత తొందరైనా మేం ఎయిర్ స్విచ్‌ని డైరెక్ట్ చేయం. గాలి ఉందని తేలేదాకా హీటర్ ఆఫ్‌లోనే ఉంటుంది, మీరు తిట్టినా సరే. ఏ పార్టూ మార్చకముందు మూడు ఫేజుల ఆంప్స్ రాసి మీకు చూపిస్తాం. 415 వోల్టుల మీద 18 కిలోవాట్ల హీటర్ ఫేజుకి దాదాపు 25 ఆంప్స్ తీసుకోవాలి. ఒక ఫేజు సున్నా చూపించి మిగతా రెండూ 22 దగ్గర ఉంటే వేడి సగానికి పడిపోయినట్టు. అప్పుడు కంట్రోలర్‌ని అనుమానించి లాభం లేదు, ఫ్యూజులు, ఎలిమెంట్లు చూడాలి.

మీ వైపు నుంచి అడిగేది ఒకటే. కటౌట్ పడితే మళ్లీ మళ్లీ రీసెట్ నొక్కకండి. ఎస్‌ఎస్‌ఆర్ (హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) పాడైనందువల్లే కటౌట్ పడి ఉండొచ్చు; అది పాడైతే ఎక్కువగా షార్ట్ అయిపోతుంది, సిగ్నల్ లేకపోయినా హీటర్ మండుతూనే ఉంటుంది.

గత ఏడాదిలో మేం ముట్టుకున్న ప్రతి ప్యానెల్‌నీ ఈ నెలలో వచ్చి చూస్తాం. చార్జీ లేదు. ఆ వైరు ముక్క ఎక్కడైనా కనిపిస్తే మా రాకకోసం ఆగకుండా హీటర్ ఎంసీబీ ఆఫ్ చేసి ఫోన్ చేయండి.