కవర్లో నోట్లు పెట్టకండి, మనియార్డరు ఇంకా ఉంది

మా దగ్గర పంచాంగాలు, వ్రతకథలు, పాత నవలలు తెప్పించుకునే పాఠకులందరికీ బెజవాడ నుంచి నమస్కారం. ఉగాది దగ్గరపడింది, పంచాంగాల ఆర్డర్లు మొదలయ్యాయి. వాటితోపాటే ఉత్తరాల్లో నోట్లు రావడమూ మొదలైంది. ఇకమీదట అలా వచ్చే డబ్బుకు మేం పూచీ పడలేం. ఎందుకో దాపరికం లేకుండా చెబుతాను.

ఇలా పంపేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి రిటైరై అక్కడే ఉండిపోయినవాళ్లు, బరంపురం వాళ్లు, దగ్గర్లో తెలుగు పుస్తకాల కొట్టు లేనివాళ్లు. బయటికి కనబడకూడదని నోటును కార్బన్ కాగితంలో చుట్టి, జారిపోకుండా పిన్ను కూడా కొడతారు. ఆ పిన్ను తీసేటప్పుడు నోటు చిరుగుతుంది. చిరిగిన ఐదువందల నోటులో పెద్ద ముక్క 80 శాతానికి మించి ఉంటేనే బ్యాంకు పూర్తి విలువ ఇస్తుంది. 40 నుంచి 80 శాతం ఉంటే సగమే.

చిరిగిన నోటు సంగతి సరే, అసలు నోటే లేని కవరు వస్తే? మీరు పెట్టానంటారు, మాకు అందలేదు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. మామూలు కవరుకు ఎక్కడా నమోదు ఉండదు కాబట్టి ఎవరినీ అడగలేం, ఎవరినీ అనలేం. పాతవాళ్లతో పేచీ ఎందుకని ఇన్నాళ్లూ పుస్తకం పంపేస్తూ వచ్చాం. కాగితం ధర, బైండింగు ఖర్చు పెరిగాక పంచాంగం మీద మిగిలేది బొత్తిగా కొంచెం. ఒక్క ఐదువందల నోటు పోతే ఎన్ని పంచాంగాలు అమ్మితే పూడుతుందో మీరే లెక్కేసుకోండి.

స్పీడ్ పోస్టులో పెడితే భయం లేదు కదా అని కొందరు అడుగుతున్నారు. (రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు.) కవరు చేరిందనడానికి అందులో రుజువు ఉంటుంది గానీ, లోపల ఏముందో దానికేం తెలుసు? నోట్లున్న కవరును ఇన్సూర్ చేయించాలన్నది తపాలా శాఖ ఎప్పటినుంచో చెబుతున్న మాట. నూటయాభై రూపాయల పంచాంగానికి అంత హంగామా దండగ.

మనియార్డరు మానేశారని ఎవరో చెప్పారట. మానలేదు. 1880లో మొదలైన ఆ ఏర్పాటు ఇప్పుడు కంప్యూటర్ల మీద నడుస్తోంది. ఇరవై రూపాయలకు రూపాయి కమీషను. ఎక్కువే, ఒప్పుకుంటాను. అందుకే మూడు పుస్తకాలు, అంతకు మించి తెప్పించుకునేవాళ్లకు ఆ కమీషను బిల్లులో తగ్గిస్తాం. ఒక్క చిక్కుంది. పాత ఫారం అడుగున కూపను ఉండేది, అందులో ఆర్డరంతా రాసేవారు. ఇప్పుడు మన ఇష్టమొచ్చింది రాసుకునే చోటు లేదు. కాబట్టి ఏ పుస్తకాలు కావాలో, మీ పూర్తి చిరునామా, పిన్‌కోడు ఒక పోస్టుకార్డు మీద రాసి వేరే పడేయండి. అర్ధరూపాయితో పోతుంది.

ఫోన్ పే, గూగుల్ పే ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. మనవడి ఫోన్ నుంచి పంపించినా సరే, పుస్తకం ఎవరి పేరునో ఒక ముక్క రాయమనండి. కిందటేడు ఎవరు పంపారో తెలియని డబ్బు వచ్చిపడితే, ఫోన్లు చేసి చేసి మా అబ్బాయి గొంతు పోయింది.

వీపీపీ, అంటే పుస్తకం ఇంటికొచ్చాక పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టే పద్ధతి, అడిగేవాళ్లకు ఒక మనవి. పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు తాళం వేసి ఉంటే, లేదా డబ్బు లేదని తిప్పి పంపేస్తే రానూపోనూ ఖర్చు మా నెత్తినే. అందుకని పాత ఖాతాదారులకు తప్ప వీపీపీ చేయడం లేదు. కొత్తవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ఇప్పటికే నోట్లు పెట్టి కవరు పోస్టు చేసినవాళ్లు కంగారు పడకండి. ఉగాది లోపు అందిన ప్రతి కవరుకూ పుస్తకం పంపుతాం. ఆ తర్వాత అందిన డబ్బును కమీషను మినహాయించుకుని మనియార్డరులోనే తిప్పి పంపుతాం.