ప్రతి మెషిన్‌కీ ఒక పుస్తకం పెట్టండి

సంపాదకులకు,

నమస్కారం. మండపేట దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, హెల్పర్‌గా చేరి, ఈ చుట్టుపక్కల కొన్ని మిల్లుల్లో పనిచేసి ఇక్కడికొచ్చాను. సార్వా (ఖరీఫ్) వడ్ల పని చివరికొచ్చింది. ఏప్రిల్లో దాళ్వా (రబీ) వడ్లు దిగుతాయి. ఈ మధ్యలో దొరికే నాలుగు రోజులే మాలాంటివాళ్ళు మెషిన్లు విప్పి చూసుకునే రోజులు. సరిగ్గా ఈ రోజుల్లోనే చాలా మిల్లుల్లో ఫిట్టర్‌ని గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టడానికో, ఓనరు గారింట్లో నీళ్ళ మోటారు చూడ్డానికో పంపేస్తారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి మెషిన్‌కీ దాని సొంత పుస్తకం ఉండాలి. ఏ బేరింగు ఎప్పుడు మార్చాం, ఎందుకు మార్చాల్సి వచ్చింది, బెల్టు ఎన్నాళ్ళు నడిచింది, ఏ సెట్టింగు ఎవరు తిప్పారు, ఇవన్నీ పని చేసినవాడే, ఆ షిఫ్టులోనే, తెలుగులో రాయాలి.

మా దగ్గర రిజిస్టర్లు ఉన్నాయి కదా అంటారు మిల్లర్లు. ఉన్నాయి. తనిఖీకి వచ్చేవాళ్ళకి చూపించడానికి ఉన్నాయి. నెలాఖరున ఒకడు కూర్చుని ముప్పై రోజులకీ ఒకే పెన్నుతో ‘చెక్‌డ్, ఓకే’ అని నింపేస్తాడు. సిరా చూస్తేనే తెలిసిపోతుంది.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక మిల్లు సంగతి చెబుతాను. డ్రైయర్‌లోకి వడ్లు ఎక్కించే ఎలివేటర్‌కి 7.5 హెచ్‌పీ మోటారు ఉండేది. నిండు లోడు మీద అది 11 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఒక సాయంత్రం ఊరికే ట్రిప్ అవడం, అంటే దానంతటదే ఆగిపోవడం మొదలెట్టింది. కాకినాడ పోర్టుకి సరుకు పంపాల్సిన వారం అది. ఆపుదాం అన్న మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. మోటారు ఎక్కువ కరెంటు లాగితే దాన్ని ఆపేసేది ఓవర్‌లోడ్ రిలే. ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి దాని సెట్టింగుని 14 ఆంపియర్లకి తిప్పేశారు. ట్రిప్ అవడం ఆగింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఎక్కడా రాయలేదు కాబట్టి తర్వాతి షిఫ్టువాళ్ళకి ఆ సంగతే తెలీదు.

అసలు రోగం ఎలివేటర్ అడుగున ఉంది. కింది షాఫ్టు బేరింగులోకి ఊక దుమ్ము చేరి, గ్రీజు గట్టిపడి, బేరింగు బిగుసుకుపోతోంది. దాన్ని లాగలేక మోటారు ఎక్కువ కరెంటు తాగుతోంది. రిలే చెబుతున్నది ఆ మాటే. మనం దాని నోరు నొక్కేశాం. కొద్ది రోజులకి అర్ధరాత్రి మోటారు వైండింగు (లోపలి తీగచుట్ట) కాలిపోయింది. ఆవిరి పట్టిన వడ్లు డ్రైయర్‌లోకి ఎక్కకుండా తెల్లవార్లూ కుప్పగా ఉండిపోయాయి. మిల్లు పని తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వేడి మీదున్న వడ్లు అలా ఉండిపోతే పులిసిన వాసన పట్టుకుంటుంది, బియ్యం రంగు తిరిగిపోతుంది. బేరింగు ఖరీదు వందల్లోనే. వడ్లకీ మోటారుకీ కలిపి ఎంత నష్టమైందో మాకెవరూ చెప్పలేదు గానీ, ఓనరు గారు చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తెల్లారేసరికి వేరే మోటారు ఎక్కించిన ఫిట్టర్‌ని అందరిముందూ మెచ్చుకుని చేతిలో డబ్బులు పెట్టారు. మంచిదే, అతను రాత్రంతా కష్టపడ్డాడు. కానీ ఆ బేరింగు శబ్దం మారింది, గంటసేపు ఆపితే మార్చేస్తానండీ అని ముందే అడిగిన హెల్పర్‌ని మాత్రం అప్పట్లో ‘పనీపాటా లేదేంట్రా నీకు’ అన్నారు. ఆ కుర్రాడు మళ్ళీ ఏ శబ్దం గురించీ ఎవరికీ చెప్పలేదు.

మన గోదావరి జిల్లాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పని బాగా వచ్చిన ఫిట్టరు ఎప్పుడో ఒకప్పుడు గల్ఫ్ వెళ్ళిపోతాడు. తప్పు పట్టను, పాస్‌పోర్టు నాకూ ఉంది. కానీ అతనితో పాటు మిల్లు గురించి తెలిసినదంతా విమానం ఎక్కేస్తోంది. ఇప్పుడు నేనున్న మిల్లులో రెండో ఎలివేటర్ బెల్టు బాగా వేడెక్కాక ఎడమ పక్కకి జరుగుతుంది. మా పాత ఫిట్టరు అది కనిపెట్టి పైనున్న ప్లమ్మర్ బ్లాక్ (షాఫ్టు బేరింగుని పట్టి ఉంచే దిమ్మ) కింద పల్చటి రేకు ముక్క పెట్టాడు. చూస్తే ఎవరో మర్చిపోయి వదిలేసిన రేకులా ఉంటుంది. అతను కువైట్ వెళ్ళాక వచ్చిన కుర్రాడు శ్రద్ధగలవాడు. లెవెల్ పెట్టి చూశాడు, తేడాగా ఉంది, రేకు తీసేసి బోల్టులు బిగించాడు. లెక్క ప్రకారం అతను చేసింది కరెక్టే. మర్నాటికల్లా బెల్టు కేసింగుకి రాసుకుని రబ్బరు కాలిన వాసన మొదలైంది. పొడి దుమ్ము గాల్లో ఆడే చోట అలాంటి రాపిడి ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఎంత వెతికినా కారణం దొరకలేదు. చివరికి వాట్సాప్‌లో కువైట్‌కి వీడియో కాల్ చేశాం. కుర్రాడు పైకెక్కి ఫోను ప్లమ్మర్ బ్లాక్ దగ్గర పెట్టగానే అవతలనుంచి మొదటి మాట, “తమ్ముడూ, అక్కడ రేకుండాలి, ఏదీ?”

ఆ తర్వాతే మా దగ్గర పుస్తకాలు మొదలయ్యాయి. మామూలు లాంగ్ నోటుబుక్కులే. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెషిన్ పక్కనే స్తంభానికి వేలాడదీశాం. ఆఫీసులో పెడితే ఎవరూ అక్కడిదాకా వెళ్ళి రాయరు. వడ్ల పొట్టు తీసే షెల్లర్ పుస్తకంలో దాని రబ్బరు రోల్స్ ఎప్పుడు వేశామో, ఎప్పుడు ఒకదాని చోటికి ఇంకోటి మార్చామో ఉంటుంది. ఆ రెండు రోల్స్ వేగం ఒకటి కాదు, వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. సమయానికి చోట్లు మారిస్తే జత ఎక్కువ రోజులొస్తుంది. గుర్తుంటుందిలే అనుకుంటాం గానీ, సీజన్లో అన్నం తిన్నామో లేదో కూడా గుర్తుండదు. బేరింగు నెంబర్లు కూడా అందులోనే. 6205 లోపలి కన్నం 25 మిల్లీమీటర్లు, 6206ది 30. అర్ధరాత్రి ఫోన్లో అంకె సరిగ్గా వినపడక స్టోర్‌లోంచి ఒకటి బదులు ఇంకోటి తెచ్చి, సరైనది అక్కడ లేకపోతే, పొద్దున్న షాపు తెరిచేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. రిలే సెట్టింగులు మొదటి పేజీలో ఉంటాయి. తిప్పినవాడు కారణం రాసి సంతకం పెట్టాలి. సంతకం అనేసరికి తిప్పడమే తగ్గిపోయింది.

ఓనర్లకి ఒక్క మనవి. ఆ పుస్తకం చూసి ఎవరినీ తిట్టకండి, జీతం కొయ్యకండి. తిట్టిన రోజునుంచే అందులో అబద్ధాలు మొదలవుతాయి, మళ్ళీ ‘చెక్‌డ్, ఓకే’ దగ్గరికే వస్తాం.

రాసినంత మాత్రాన మెషిన్ బాగుపడదు, నిజమే. రాసినదాన్ని బట్టి వారానికి ఒక పూటైనా మిల్లు ఆపి మాకు అప్పగించాలి. ఆపినప్పుడు స్టార్టర్‌కి తాళం వేసి, తాళంచెవి లోపల పని చేసేవాడి జేబులోనే ఉండాలి. లోపల మనిషి ఉండగా తెలియక స్విచ్చి వేసేవాళ్ళున్నారు. తిరుగుతున్న మెషిన్ దగ్గరికి వెళ్ళే పనైతే, ప్రత్యేకంగా శిక్షణ పొందినవాడే ఒంటికి బిగుతుగా ఉండే బట్టలతో వెళ్ళాలనీ, ఆ బట్టలు యాజమాన్యమే ఇవ్వాలనీ, అతని పేరు రిజిస్టర్లో ఉండాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్లోనే రాశారు. మా వైపు చాలామంది ఇప్పటికీ లుంగీ ఎగ్గట్టి ఎలివేటర్ ఎక్కుతున్నారు.

ఐటీఐల్లో ఫైలు పట్టడం, కొలతలు తీయడం బాగానే నేర్పుతున్నారు. చేసిన పని నాలుగు వాక్యాల్లో రాయడం కూడా నేర్పితే బావుంటుంది. మండపేట, అనపర్తి, రామచంద్రపురం వైపు మిల్లర్లు దాళ్వా వడ్లు దిగేలోపు ఒక సమావేశం పెట్టుకుని మమ్మల్ని, అంటే ఫిట్టర్లనీ ఎలక్ట్రీషియన్లనీ, పిలవాలని కోరుతున్నాను. మా అందరి మిల్లుల్లోనూ దాదాపు ఒకే రకం మెషిన్లు, ఒకే రకం జబ్బులు. ఒకరి పుస్తకం ఇంకొకరికి పనికొస్తుంది. సమావేశం పొద్దున్న కాకుండా సాయంత్రం నాలుగింటికి పెడితే, రాత్రి షిఫ్టువాళ్ళు కూడా కాస్త కునుకు తీసి రాగలుగుతారు.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు మెయింటెనెన్స్ సూపర్‌వైజర్,
మండపేట ప్రాంతం