వాతావరణం పక్కనే వసంతానికీ రెండు లైన్లు వేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పేపర్లో రోజూ ఉష్ణోగ్రతలు వేస్తారు, ఎండ ముదిరితే మొదటి పేజీకే ఎక్కిస్తారు, వడదెబ్బ జాగ్రత్తలు చెబుతారు. అవన్నీ కావాల్సినవే. కానీ చలి తగ్గాక, ఎండలు ముదిరేలోపు సిటీలో కొన్ని వారాలు నడుస్తాయి చూడండి, వాటి గురించి ఒక్క ముక్క ఉండదు. పేపర్ చదివే మనిషికి చలికాలం అయిపోగానే నేరుగా ఎండాకాలం వచ్చిపడినట్టే ఉంటుంది, మధ్యలో వసంతం వచ్చి వెళ్లిందన్న సంగతే తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

సిటీలో వసంతం ఎక్కడుందండీ, కాంక్రీటు తప్ప అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. పాత గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కైనా సరే, కొత్త చిగురు వేసినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడమనండి. లేత ఆకు పచ్చగా ఉండదు, రాగి రంగులో, కాస్త గులాబీ కలిసినట్టు ఉంటుంది. ఇంకా గట్టిపడదు కాబట్టి మెత్తగా కిందికి వేలాడుతుంటుంది, ఎండకి ఎదురుగా చూస్తే సన్నటి ఈనెలన్నీ, చివర ఆ పొడుగాటి తోకదాకా, స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. పత్రహరితం పూర్తిగా తయారయ్యేలోపు లేత ఆకు ఎండకి దెబ్బతినకుండా అది కాస్తుందంటారు. నాకు ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, వాన చుక్క లేని రోజుల్లో, పైన నేలంతా ఎండిపోతున్న టైంలో ఇలాంటి చెట్లు చిగురిస్తాయి. వానల కోసం చూస్తూ కూర్చోవు. పగలు పెరుగుతోందని పసిగట్టి, వేళ్లకి లోతున అందే తేమతోనే పని మొదలుపెట్టేస్తాయి. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ ఇంచుమించు సమానమవుతాయని బడిలో అందరం చదువుకున్నాం, ఆ లెక్కని మనం పరీక్షతో మర్చిపోయాం, చెట్లు మర్చిపోలేదు.

వేప పూత సంగతి వేరే చెప్పాలా? పొద్దున బండి తీయబోతే సీటు మీద చిన్న చిన్న తెల్ల పూలు రాలి ఉంటాయి, ఒక్కోదానికి ఐదు రెక్కలు. చేత్తో దులిపేసి వెళ్లిపోతాం. సాయంత్రం చల్లబడ్డాక అదే చెట్టు కింద నుంచి నడిస్తే తేనె వాసన వస్తుంది, దానికోసం చుట్టు తిరిగైనా ఆ దారినే వెళ్లొచ్చు.

ఇక కోయిల. తెల్లారకముందే మొదలుపెట్టి నిద్ర చెడగొడుతోందని విసుక్కునేవాళ్లున్నారు, వాళ్లకి నాదొక మనవి. కూ కూ అని గొంతెత్తేది మగది, ఒళ్లంతా నలుపు, కళ్లు మాత్రం ఎర్రగా ఉంటాయి. ఆడది గోధుమ రంగు, మీద తెల్లటి మచ్చలు, అది అలా పాడదు, కిక్ కిక్ మంటూ అరుస్తుంది. ఒకసారి రెంటినీ గుర్తుపట్టాక ఆ గోలలో ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలుస్తుంది, ఇక విసుగు రాదు. పైగా అది గుడ్లు పెట్టేది కాకి గూట్లో. కాకులేమో ఇనుప తీగ ముక్కలు కూడా ఏరుకొచ్చి గూడు కట్టుకుని సిటీలో హాయిగా బతుకుతున్నాయి. కాకి ఉన్నచోటికి కోయిల రాక మానదు.

బాల్కనీ ఉన్నవాళ్లు ఇంకా అదృష్టవంతులు. తేనెపిట్ట ఒక్కోసారి బట్టలు ఆరేసే తీగకో, కుండీలోని తీగమొక్కకో గూడు వేలాడదీస్తుంది. ఎక్కువగా కట్టేది ఆడదే. సాలెగూటి దారాలు, గడ్డిపోచలు, బెరడు ముక్కలు తెచ్చి చిన్న సంచీలా అల్లుతుంది, పక్కన గుండ్రటి గుమ్మం పెడుతుంది, దాని పైన ఎండ పడకుండా చిన్న చూరు కూడా దించుతుంది! ఆ గూడు కనపడితే దయచేసి తీగని కొన్నాళ్లు వదిలేయండి, బట్టలు ఇంకోచోట ఆరేసుకోవచ్చు.

పక్షులు మన కోసం సర్దుకుంటున్నాయి కూడా. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో చేసిన పరిశోధన ఒకటి 2003లో వచ్చింది, రొద ఎక్కువున్న చోట ఉండే గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు, ట్రాఫిక్ హోరులో తమ పాట కలిసిపోకుండా, పాటలోని కింది స్వరాలని పైకి జరుపుకుంటున్నాయని అందులో తేలింది. అవి అంత కష్టపడి పాడుతుంటే మనం చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడుస్తున్నాం. ఆ నాలుగు వారాలైనా పొద్దున పూట వాటిని తీసేద్దాం.

ఒక్క కోపం మాత్రం చెప్పుకోవాలి. కరెంటు తీగలకి అడ్డమని కొమ్మలు కొట్టేది సరిగ్గా గూళ్లు కట్టే రోజుల్లోనే. కొట్టొద్దని అనట్లేదు, తీగలు ప్రమాదమే. కానీ కొన్ని వారాలు ముందే ఆ పని పూర్తి చేయొచ్చు కదా, లేదంటే గూడు ఉందో లేదో తల ఎత్తి చూసి కొట్టొచ్చు కదా.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు ఎప్పుడు విచ్చుకున్నాయో 9వ శతాబ్దం నుంచీ డైరీల్లో, రాజాస్థానపు రికార్డుల్లో ఉంది. పూలు చూసి సంబరపడి తేదీ రాసుకున్నారు, అంతే. ఇవాళ వాతావరణ శాస్త్రవేత్తలకి అవే ఆధారమయ్యాయి. 2021లో అక్కడ పూలు మార్చి 26కే పూర్తిగా విచ్చుకున్నాయి, 1200 ఏళ్ల ఆ లెక్కల్లో అప్పటిదాకా అంత తొందరగా ఎప్పుడూ పూయలేదు. భూమి వేడెక్కడం ఒక కారణం, నగరం తన వేడి తాను పెంచుకోవడం ఇంకో కారణం.

మన వీధి చెట్లకి అలాంటి లెక్క ఎవరు రాస్తున్నారు? మీరు రాయించొచ్చు. ఉష్ణోగ్రతలు వేసే చోట పక్కనే ఒక చిన్న పెట్టె ఇవ్వండి. వేప పూత మొదలైంది, కోయిల మొదటిసారి వినపడింది, రావి చిగురేసింది, ఇలా తేదీతో, పేటతో పాఠకులు మెసేజ్ పంపుతారు. ఫొటోలు అక్కర్లేదు, రెండు లైన్లు చాలు. జనవరి చివర్లో మొదలుపెట్టి ఏప్రిల్ దాకా నడిపితే సరిపోతుంది, స్కూలు పిల్లలని అడిగితే వాళ్లే ఎక్కువ పంపుతారు. నంబర్ ఒకటి ప్రకటించండి, మా వీధి వేపచెట్టు వివరాలు నేను పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు